జారిన బంతితో జాతకం చెప్పొచ్చా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొత్త కుర్రాడు నాలుగు బంతులు జారవిడిచాడంటే చాలు... మర్నాటికల్లా అతని భవిష్యత్తు తేల్చేస్తారు. విచిత్రమేమిటంటే, ఆ ఆటలో అందరికన్నా ఎక్కువ బంతులు అందుకున్నవాడు కూడా మొదటి ఏడాది జారవిడిచి తిట్లు తిన్నవాడే! మరి జారిన బంతిని ఎలా చూడాలి? ఏది కొత్తదనం, ఏది అసలు లోపం?

బంతి గిరగిరా తిరుగుతూ వస్తోంది. అందుకోవాల్సిన కుర్రాడు ప్రత్యర్థిని దాటేసి ముందుకెళ్లిపోయాడు. అడ్డం ఎవరూ లేరు. బంతి సరిగ్గా చేతుల్లోకే వచ్చింది... వచ్చినట్టే వచ్చి జారిపోయింది. అంతే! స్టేడియంలో వేల గొంతులు ఒక్కసారిగా 'బూ...' అన్నాయి.

1985లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కు మైదానంలో ఇలాంటి దృశ్యం ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ కనిపించింది. ఆ ఏడాది జనవరిలోనే సూపర్‌బౌల్ గెలిచిన ఫార్టీనైనర్స్ జట్టు అది. ఛాంపియన్ల అభిమానులకు ఓపిక తక్కువ. పైగా ఆ కుర్రాణ్ని జట్టు ఏరికోరి తెచ్చుకుంది. కొత్త ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో విజేత కాబట్టి తొలి రౌండులో తమ వంతు చివరిదైన 28వ స్థానం. అంతవరకూ ఆగితే వేరేవాళ్లు తన్నుకుపోతారని, మరికొన్ని ఎంపికల్ని కూడా వదులుకుని 16వ స్థానం సంపాదించింది. 'ఇంత ఇచ్చి తెచ్చింది బంతి కూడా పట్టలేనివాడినా?' అన్నది అభిమానుల ఆక్రోశం.

ఆ కుర్రాడి పేరు జెర్రీ రైస్. 2004 సీజన్‌తో ఆట ముగించేనాటికి అతను అందుకున్న బంతులు 1,549. వాటితో సాధించిన దూరం 22,895 గజాలు. ఎన్ఎఫ్ఎల్ చరిత్రలో ఆ రెండు రికార్డులూ ఇప్పటికీ అతనివే.

అంటే ఆనాటి ప్రేక్షకులు అబద్ధం చెప్పారా? లేదు. బంతులు నిజంగానే జారాయి. వాళ్లు చూసింది నిజమే. చూసినదాన్నుంచి తేల్చిన తీర్పే తప్పు.

అతని పనేమిటంటే...

పేరు ఫుట్‌బాలే అయినా ఇందులో కాలితో తన్నడం తక్కువ, చేతితో విసరడం ఎక్కువ. జట్టుకు పదకొండు మంది. బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలిస్తారు. వాటిలో కనీసం పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. వెళ్లలేకపోతే బంతి ఎదుటివాళ్లకు. బంతిని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. పరుగెత్తుతూ దాన్ని అందుకునేవాడు రిసీవర్.

చెప్పడానికి తేలికే. కానీ ఆ బంతి గుండ్రంగా ఉండదు. కోలగా, రెండు కొసలూ మొనదేలి, పదకొండంగుళాల పొడవుంటుంది. బరువు నాలుగొందల గ్రాముల పైచిలుకు. బలంగా విసిరితే గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగంతో సుడి తిరుగుతూ వస్తుంది. రిసీవర్ పూర్తి వేగంతో పరుగెత్తుతూ, మెడ వెనక్కి తిప్పి, దాన్ని చేతుల్లో ఒడిసిపట్టాలి. పట్టిన మరుక్షణం వంద కిలోల మనిషి వచ్చి గుద్దేస్తాడని తెలిసీ పట్టాలి! అంచు గీత దగ్గరైతే రెండు పాదాలూ మైదానం లోపలే ఆనాలి. కాలేజీ ఆటలో ఒక్క పాదం ఆనితే చాలు. అక్కణ్నుంచి వచ్చిన కొత్తవాడికి ఇదీ కొత్త పాఠమే.

పట్టాల్సిన బంతిని పట్టకపోతే అది 'డ్రాప్'. నాలుగు ప్రయత్నాల్లో ఒకటి వృథా. చేతికి తగిలి పైకి లేచిందంటే ఇంకా నష్టం... ప్రత్యర్థి అందుకుని ఎదురు పరుగు తీస్తాడు. అందుకే కోచ్‌కు కోపం, క్వార్టర్‌బ్యాక్‌కు అనుమానం, గ్యాలరీకి ఆగ్రహం. ఏదీ అన్యాయం కాదు.

లెక్క ఎవరిది?

క్రికెట్లో ఫీల్డర్ క్యాచ్ వదిలేస్తే ఊరంతా చెప్పుకుంటుంది. స్కోరుకార్డులో మాత్రం ఆ సంగతి ఉండదు. ఇక్కడా అంతే. ఎన్ఎఫ్ఎల్ ఆట తర్వాత విడుదల చేసే అధికారిక లెక్కల్లో జారవిడిచిన బంతులకు గడి లేదు. విసిరిన బంతి అందలేదని మాత్రమే ఉంటుంది. విసిరినవాడిది తప్పా, అందుకోవాల్సినవాడిది తప్పా అన్నది అందులో తెలియదు.

ఆ లెక్క వేసేది బయటి గణాంక సంస్థలు. వీడియో చూసి, 'మామూలు ప్రయత్నంతో పట్టగలిగిన బంతే' అనిపిస్తే డ్రాప్ కింద రాస్తారు. మరి ఏది మామూలు ప్రయత్నం? పరుగులో ఉండగా అరడుగు వెనకపడిన బంతి పట్టదగ్గదేనా? వేళ్ల కొసలకు తగిలినంత మాత్రాన అతని తప్పవుతుందా? ఒకరికి అవునంటే మరొకరికి కాదు. అందుకే ఒకే ఆటగాడికి, ఒకే ఏడాదికి, రెండు చోట్ల రెండు అంకెలు కనిపిస్తుంటాయి. రైస్ మొదటి ఏడాదికీ ఇదే చిక్కు. పదికి పైగా జారవిడిచాడన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఒక రిసీవర్ వైపు 150 మంచి బంతులొస్తే 9 జారవిడిచాడనుకుందాం. మరొకడి వైపు 40 వస్తే 4 జారవిడిచాడు. తొమ్మిది పెద్ద అంకె కాబట్టి నింద మొదటివాడికే. నిజానికి మొదటివాడు నూటికి ఆరు వదిలాడు, రెండోవాడు నూటికి పది. ఎన్ని జారాయో చెప్పి, ఎన్నిట్లో జారాయో చెప్పకపోతే అది సగం లెక్కే. కొత్తవాడి విషయంలో మరీ జాగ్రత్త పడాలి. అతని దగ్గరికొచ్చే బంతులే తక్కువ. యాభై బంతుల్లో మూడు జారితే నూటికి ఆరు. ఒక్క వాన కురిసిన ఆదివారం చాలు, ఆ అంకె రెట్టింపు కావడానికి!

చేతుల తప్పా? కళ్ల తప్పా?

బంతి ఎందుకు జారుతుంది? 'చేతులు బాగోలేవు' అన్నది సులువైన జవాబు. కోచ్‌లు వీడియో నెమ్మదిగా తిప్పి చూసేది అందుకే... అన్ని డ్రాప్‌లూ ఒకటి కావు.

అన్నిటికన్నా మామూలుగా కనిపించేది కళ్ల తప్పు. బంతి ఇంకా చేతుల్లో పడకముందే 'ఎటు పరుగెత్తుదామా' అని చూపు పక్కకు తిరుగుతుంది. ఆఖరి రెండడుగులూ బంతిని చూడరు. ఇది ఆత్రం. సాధనతో పోతుంది.

రెండోది చేతులు పెట్టే తీరు. ఛాతీకి పైన వచ్చే బంతికి రెండు బొటనవేళ్లూ దగ్గరకు రావాలి. నడుముకు కింద వచ్చే బంతికి చిటికెన వేళ్లు దగ్గరకు రావాలి. అది తారుమారైతే బంతి మధ్యలోంచి దూసుకుపోతుంది. కొందరు చేతులతో కాకుండా ఛాతీకి ఆనించి పడుతుంటారు. కాలేజీలో చెల్లుతుందేమో, వేగం పెరిగిన చోట ఛాతీకి తగిలి ఎగిరిపోతుంది. ఇదీ దిద్దుకోగలిగినదే.

మూడోది దెబ్బ భయం. మైదానం మధ్యలో బంతి పట్టేటప్పుడు పక్కనుంచి ఎవడో వస్తున్నాడన్న స్పృహ చేతుల్ని ముడుచుకునేలా చేస్తుంది. ఇది కష్టమైన రోగం.

నాలుగోది కొత్తవాళ్లకే ప్రత్యేకం... బుర్ర బరువు. కాలేజీలో చెప్పిన దారిలో పరుగెత్తితే చాలు. ఇక్కడ ఆట మొదలయ్యాక ప్రత్యర్థులు ఎలా కదులుతున్నారో చూసి, పరుగెత్తుతూనే దారి మార్చుకోవాలి. అటు క్వార్టర్‌బ్యాక్ కూడా అదే చూసి అదే ఊహించాలి. ఇద్దరి ఊహా కలవాలి. లావుపాటి పుస్తకమంత వ్యూహాల జాబితా తలలో తిరుగుతుండగా చేతులు తమ పని మరిచిపోతాయి. విసిరేవాడి చెయ్యి కూడా కొత్తే. కుడిచేతివాటం వాడు విసిరితే బంతి ఒకవైపు సుడి తిరుగుతుంది, ఎడమచేతివాటం వాడు విసిరితే రెండోవైపు.

ఇటుకలు పట్టిన చేతులు

రైస్‌ది ఈ నాలుగో రకం. చేతులకు వంక పెట్టే వీల్లేదు. మిసిసిపీ రాష్ట్రంలోని క్రాఫర్డ్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. తండ్రి తాపీమేస్త్రీ. వేసవి వచ్చిందంటే కొడుకులంతా ఆయన వెంట పనికి వెళ్లేవారు. కింద నుంచి అన్నదమ్ములు ఇటుకలు విసురుతుంటే, పైన పరంజా మీద నిలబడి రైస్ పట్టేవాడు. ఇటుక జారితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పేరున్న విశ్వవిద్యాలయాలు పిలవలేదు. మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న కాలేజీలో చేరాడు. 1984 సీజన్ ఒక్కదాంట్లోనే 27 టచ్‌డౌన్ బంతులు అందుకున్నాడు. ఆ అక్టోబరులో ఫార్టీనైనర్స్ కోచ్ బిల్ వాల్ష్ హ్యూస్టన్‌లో ఆట కోసం వెళ్లి, ముందురోజు రాత్రి హోటల్ గదిలో టీవీ పెట్టాడు. అందులో ఈ కుర్రాడి ఆట కనిపించింది. 'వేగం చాలదు' అని కొన్ని జట్లు పెదవి విరిచినా వాల్ష్ మనసు మారలేదు.

తీరా వచ్చాక చేతులు తడబడ్డాయి. వాల్ష్ వ్యూహాలు ఆ రోజుల్లో అందరికన్నా జటిలమైనవి. కుర్రాడు దారి గుర్తుపెట్టుకుంటూ బంతి మరిచాడు. అయినా వాల్ష్ అతన్ని పక్కన పెట్టలేదు. క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా అతని వైపు విసరడం మానలేదు. కారణం జాలి కాదు. బంతి పట్టినా పట్టకపోయినా, ప్రతిసారీ ప్రత్యర్థిని దాటి ఖాళీ చోటుకు చేరుకుంటున్నాడు. అది నేర్పితే వచ్చేది కాదు. పట్టడం నేర్పొచ్చు.

1985 డిసెంబరు 9, సోమవారం రాత్రి. లాస్ ఏంజెలెస్ రామ్స్‌తో ఆట. దేశమంతా టీవీలో చూస్తోంది. రైస్ 10 బంతులు పట్టి 241 గజాలు సాధించాడు. అప్పటికి ఆ జట్టు చరిత్రలో అదే రికార్డు. ఆట 27-20తో ఓడిపోయారు కానీ, ఆ రాత్రి తర్వాత అతని మీద జోకులు తగ్గాయి. సీజన్ మొత్తానికి 49 బంతులు, 927 గజాలు. పట్టిన ప్రతి బంతికీ సగటున దాదాపు 19 గజాలు! మరుసటి ఏడాది 86 బంతులు, 1,570 గజాలు, 15 టచ్‌డౌన్లు... లీగ్‌లో గజాల్లో అతనే మొదటివాడు.

తెల్ల చారలు మాయమైతే...

2021 ఆగస్టు. సిన్సినాటి బెంగాల్స్ జట్టు డ్రాఫ్ట్‌లో అయిదో స్థానంలో ఎంచుకున్న జమార్ ఛేజ్ సన్నాహక ఆటల్లోకి దిగాడు. కాలేజీలో 2019లో 1,780 గజాలు సాధించిన మేటి. కొవిడ్ కారణంగా 2020లో ఆడలేదు. ఏడాది విరామం తర్వాత బరిలోకి దిగితే... వాషింగ్టన్‌తో ఒక్క ఆటలోనే మూడు బంతులు జారాయి.

విలేకరులడిగితే ఉన్నమాట చెప్పాడు. కాలేజీ బంతికి రెండు కొసల దగ్గరా తెల్ల చారలుంటాయి, ఎన్ఎఫ్ఎల్ బంతికి ఉండవు, కాస్త పెద్దది కూడా... కంటికి అలవాటు కావాలి అన్నాడు. ఇంకేముంది, 'చారల్లేకపోతే పట్టలేడట' అంటూ దేశమంతా నవ్వింది. సాకులా వినిపించినా అందులో నిజం లేకపోలేదు. సుడి తిరిగే బంతి మీద తెల్ల చార ఉంటే కన్ను దాన్ని త్వరగా పసిగడుతుంది.

సెప్టెంబరు 12న అసలు సీజన్ మొదలైంది. మొదటి ఆటలోనే ఛేజ్ 5 బంతులకు 101 గజాలు, ఓ టచ్‌డౌన్. 2022 జనవరి 2న కాన్సాస్ సిటీ మీద 266 గజాలు. ఒక్క ఆటలో కొత్త ఆటగాడెవరూ అంతకుముందు అంత సాధించలేదు. సీజన్ మొత్తానికి 1,455 గజాలు, 13 టచ్‌డౌన్లు. దాడి విభాగంలో ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అతనిదే. జట్టు సూపర్‌బౌల్ దాకా వెళ్లింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి... సీజన్ మధ్యలోనూ అతను బంతులు జారవిడిచాడు. డిసెంబరులో చార్జర్స్‌తో ఆటలో టచ్‌డౌన్ కావాల్సిన బంతి అతని చేతుల్లో తుళ్లి ప్రత్యర్థికి చిక్కింది. అయినా అతని వైపు విసరడం ఆగలేదు. 2024లో బంతులు, గజాలు, టచ్‌డౌన్లు... మూడింట్లోనూ లీగ్‌లో అతనే మొదటివాడయ్యాడు.

జారుడు ఆగనివాడు

అలాగని ప్రతి కథా సుఖాంతం కాదు. 2005లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టు దిగ్గజ రిసీవర్ రాండీ మాస్‌ను వదులుకుని, డ్రాఫ్ట్ ఏడో స్థానంలో ట్రాయ్ విలియమ్సన్‌ను తెచ్చుకుంది. మెరుపు వేగం అతనిది. తొలి ఏడాది 24 బంతులే అందుకున్నా, కొత్తవాడు కదా అని సరిపెట్టుకున్నారు. రెండో ఏడాది 2006లో వైపరీత్యం బయటపడింది. పట్టినవి 37, జారినవి పదికి పైగా. టచ్‌డౌన్ ఒక్కటీ లేదు.

అతను కష్టపడలేదా అంటే, పడ్డాడు. కళ్లు దూరాన్ని అంచనా వేసే తీరులో లోపం ఉందేమోనన్న అనుమానంతో ఓరెగన్ రాష్ట్రంలోని నైకీ కేంద్రానికి వెళ్లి కంటి కసరత్తులు కూడా చేశాడు. అయినా కుదురుకోలేదు. 2008లో జట్టు అతన్ని ఆరో రౌండు ఎంపికకు బదులుగా జాక్సన్‌విల్‌కు ఇచ్చేసింది. మొత్తం కెరీర్లో అతను అందుకున్న బంతులు వంద లోపే.

జారిన బంతుల అంకె చూస్తే 1985 నాటి రైస్‌కూ, 2006 నాటి విలియమ్సన్‌కూ పెద్ద తేడా కనిపించదు. మరి తేడా ఎక్కడుంది? రైస్ సగటున 19 గజాలు తెస్తూ జారవిడిచాడు. విలియమ్సన్ 12 గజాలు తెస్తూ జారవిడిచాడు. రైస్‌ది మొదటి ఏడాది, నెలలు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది. విలియమ్సన్‌కు రెండో ఏడాది పెరిగింది.

నాలుగు ప్రశ్నలు

కాబట్టి కొత్త కుర్రాణ్ని తూచేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. ఎన్ని మంచి బంతుల్లో ఎన్ని జారాయి? ఒకే తప్పు మళ్లీ మళ్లీ చేస్తున్నాడా, రకరకాలుగా తడబడుతున్నాడా? పట్టకపోయినా ఖాళీ చోటుకు చేరుతున్నాడా, క్వార్టర్‌బ్యాక్ ఇంకా అతని వైపే చూస్తున్నాడా? అన్నిటికన్నా ముఖ్యం... జారిన తర్వాత వచ్చే బంతికి చేతులు చాస్తున్నాడా, ముడుచుకుంటున్నాడా? ఈ నాలుగిటికీ జవాబు దొరకాలంటే కనీసం ఒక సీజన్ పడుతుంది. తరచూ రెండు.

అయితే ఆ గడువు అందరికీ దొరకదు. చేదు నిజం అక్కడే ఉంది. సన్నాహక శిబిరానికి ఒక్కో జట్టు 90 మందిని పిలుస్తుంది. సీజన్ మొదలయ్యేసరికి 53 మందే మిగులుతారు. రైస్, ఛేజ్, విలియమ్సన్... ముగ్గురూ తొలి రౌండు ఆటగాళ్లు. వాళ్ల మీద జట్టు చాలా వెచ్చించింది కాబట్టి ఆగింది. ఏ ఏడో రౌండులోనో, అసలు డ్రాఫ్ట్‌లో పేరే రాకుండానో వచ్చిన కుర్రాడు ఆగస్టులో మూడు బంతులు జారవిడిస్తే, సెప్టెంబరులో ఇంట్లో ఉంటాడు. అతని చేతులకు కొత్తదనం జబ్బా, అసలు జబ్బా అన్నది ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఓపిక కూడా ధరను బట్టే దొరుకుతుంది!

ఇంతకీ 1985లో అసోసియేటెడ్ ప్రెస్ ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు రైస్‌కు దక్కలేదు. అతనికన్నా మూడు స్థానాలు ముందు ఎంపికైన బెంగాల్స్ రిసీవర్ ఎడ్డీ బ్రౌన్‌కు ఇచ్చారు. ఆ ఏడాది అంకెలు చూస్తే అది సరైన నిర్ణయమే. బ్రౌన్‌కు 942 గజాలు, 8 టచ్‌డౌన్లు. రైస్‌కు 3 టచ్‌డౌన్లే.

మూడేళ్లు గడిచాయి. 1989 జనవరిలో మయామీలో సూపర్‌బౌల్. ఒకవైపు బెంగాల్స్, మరోవైపు ఫార్టీనైనర్స్. బ్రౌన్, రైస్ ఇద్దరూ అదే మైదానంలో ఉన్నారు. ఆఖరి నిమిషాల్లో ఫార్టీనైనర్స్ మూడు పాయింట్లు వెనకబడి ఉంది. గీత 92 గజాల దూరంలో ఉంది. మోంటానా పదేపదే చూసింది రైస్ వైపే. ఒక దశలో ఇరవై గజాలు కావాల్సి ఉంటే, ముగ్గురి మధ్యలోంచి 27 గజాలు తెచ్చాడు. ఫార్టీనైనర్స్ 20-16తో గెలిచింది. ఆ రోజు రైస్ పట్టిన బంతులు 11, గజాలు 215. ఆటలో మేటి అతనే.

ఆ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో టీవీల ముందు ఎగిరి గంతేసినవాళ్లలో, మూడేళ్ల కిందట 'బూ' అన్నవాళ్లు ఎందరో ఉండే ఉంటారు!